నీళ్లు మనవే... మరి నేల?

చెరువును ఎవరైనా ఆక్రమిస్తే అధికారులకు ఫిర్యాదు చేస్తాం. ఆ అధికారుల చేతిలో ఉన్న చెరువు నేలను ప్రభుత్వమే పంచేస్తే ఎవరికి చెప్పుకోవాలి? తిరుపతి పక్కన రెండు చెరువుల విషయంలో సరిగ్గా ఈ ప్రశ్నే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎకరం ధర కోట్లకు చేరుతున్న రోజుల్లో, వాన తక్కువ పడే సీమ ఊళ్లన్నీ మళ్లీ చదువుకోవాల్సిన కథ అది.

పెనుకొండ, హిందూపురాల నడుమ ఉంటుంది సోమందేపల్లి. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నెంబరు జాతీయ రహదారి మీద బస్సు కిటికీలోంచి చూసేవారికి ఒకప్పుడు ఈ దారంతా వేరుశనగ చేలు, బోడి గుట్టలు, ఎండిన వంకలే. ఇప్పుడు చూపు తిప్పితే చాలు, హద్దురాళ్లు పాతిన ప్లాట్లు కనిపిస్తాయి. ఓవైపు ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. మరోవైపు పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీని 2024 జనవరిలో ప్రధాని ప్రారంభించారు. భూమి మీద డబ్బు పండటం మొదలైంది. నీళ్లు మాత్రం పాత లెక్కే.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని బడి పిల్లలు సైతం చెబుతారు. ఇక్కడి బోర్లలో ఫ్లోరైడ్ బాధ భరించలేకే కదా, 1990లలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైగా గ్రామాలకు పైపులు వేసింది! 2016 డిసెంబరులో హంద్రీ-నీవా కాలువ ద్వారా పెనుకొండ మండలంలోని గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణా నీళ్లు వచ్చాయి. శ్రీశైలం నుంచి మెట్టు తర్వాత మెట్టుగా ఎత్తిపోసుకుంటూ తెచ్చిన నీళ్లవి. హిందూపురం పట్టణానికీ అక్కడి నుంచే పైపులైను వేశారు.

ఇంత దూరం నుంచి, ఇంత కరెంటు ఖర్చుతో నీళ్లు తెచ్చుకుంటున్న ప్రాంతం తన చెరువులను ఎంత భద్రంగా చూసుకోవాలి? చెరువంటే నిండినప్పుడు కనబడే నీళ్లు ఒక్కటే కాదు. వాననీటిని మోసుకొచ్చే వంక, ఆ వంకలోకి జారే వాలు నేల, నీరు తగ్గాక బయటపడే ముంపు నేల, కట్ట, తూము, మరవ... ఇవన్నీ కలిస్తేనే చెరువు. ఇందులో ఏ ముక్క తెంపినా మిగతాది నిలవదు. వంక మీద రెండు ఇళ్లు లేస్తే చాలు, చెరువులో ఒక్క అడుగూ ఆక్రమించకుండానే చెరువు చచ్చిపోతుంది.

అమ్మడానికి వీల్లేని మాన్యం

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిదేం కాదు. 1388 నాటి శాసనం ఒకటి ఇక్కడికి దగ్గర్లోనే, కర్ణాటకలోని గౌరిబిదనూరు తాలూకా కల్లూడిలో ఉంది. అప్పట్లో విజయనగరాన్ని ఏలుతున్నవాడు రెండో హరిహరరాయలు. ఆయన కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉంటూ, నీరే ప్రాణులకు ప్రాణం కాబట్టి పెన్నా నీటిని పెనుకొండకు తీసుకురమ్మని నిండు సభలో సింగయ భట్టు అనే జలశాస్త్ర నిపుణుణ్ని ఆదేశించాడట. సింగయ భట్టు సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి దానికి ఆ రాకుమారుడి పేరే పెట్టాడు. ఆరు వందల ఏళ్ల కిందట ఈ నేల మీద నీటి ఇంజినీరుకు రాజసభలో అంతటి పీట ఉండేదన్నమాట.

అంతకు రెండు దశాబ్దాల ముందు, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్టినప్పుడు వేయించిన శాసనం ఇంకా ముచ్చటైనది. చెరువుకు కావల్సిన పన్నెండు అంగాలేమిటో, రాకూడని ఆరు దోషాలేమిటో అందులో చెక్కించారు. ఇప్పటి ప్రాజెక్టు రిపోర్టులా ఉంటుంది చదువుతుంటే.

చెరువు కట్టడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు. అందుకు సీమలో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించినవారికో, బాగు చేయించినవారికో కొంత భూమిని ఇనాముగా ఇచ్చేవారు. ఆ భూమి అనుభవించినన్నాళ్లూ చెరువు మరమ్మతు బాధ్యత వాళ్లదే. నీరు పంచే నీరుగంటికీ మాన్యం ఉండేది. అంటే ఆ నేల ఒట్టి ఆస్తి కాదు. దానికో పని ఉంది. భూమి ఒకరిది, పని ఇంకొకరిది అయితే లెక్క తప్పినట్టే. బ్రిటిషు దొరలు పన్నులు గుంజుకోవడంలో ఎంత గట్టివాళ్లైనా, దశబంధం ఇనాముదారు చెరువును పట్టించుకోవాలన్న షరతును మాత్రం వదల్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో ఆంధ్ర ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాముదారీ పెత్తనం పోవాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే ఆ ఊపులో నేలకూ నీటికీ వేసిన ముడి కూడా వదులైపోయింది. చెరువు సర్కారుది అయింది, మాన్యం పట్టా భూమి అయింది. కట్టకు గండి పడితే తట్ట పట్టుకుని పరుగెత్తాల్సిన వాడు అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లడం అప్పట్నుంచే మొదలైంది.

ఒక సర్కారు జీవో... రెండు చెరువులు

తిరుపతికి ఆనుకుని రెండు పాత చెరువులున్నాయి. ఒకటి అవిలాల, రెండోది పేరూరు. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటివని పేరు. శేషాచలం కొండల మీద కురిసిన వాన దిగి వచ్చి నిలిచే చోట్లు. పొలాలు తడుపుతూ, చుట్టుపక్కల బావుల్లో ఊట పెంచుతూ వచ్చాయి.

ఊరు పెరిగింది. కొండ మీది దేవుడి కోసం వచ్చే భక్తులు పెరిగారు, వాళ్ల కోసం పనిచేసే ఉద్యోగులు పెరిగారు, అందరికీ ఇళ్లు కావాల్సి వచ్చింది. అధికారుల చూపు చెరువుల మీద పడింది. పేరూరు చెరువు నేలను గృహనిర్మాణం కోసం తిరుమల తిరుపతి దేవస్థానానికి అప్పగిస్తూ 1991 మార్చి 15న రెవెన్యూ శాఖ 181వ నెంబరు జీవో ఇచ్చింది. 1994 జనవరి 28న 84వ నెంబరు జీవోతో అవిలాల చెరువు నేల తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడాకు, రాష్ట్ర గృహనిర్మాణ మండలికి వెళ్లింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కబ్జాదారు లేడు. దొంగ పట్టా లేదు. రాత్రికి రాత్రి మట్టి పోసిన ట్రాక్టర్లు లేవు. ఇచ్చింది ప్రభుత్వం, పుచ్చుకున్నదీ ప్రజా సంస్థలే. కాగితాలన్నీ సక్రమం. చెరువు మాత్రం లేకుండా పోతుంది!

తిరుపతిలో కొందరు చదువుకున్నవాళ్లు ‘ఇంటలెక్చువల్స్ ఫోరం’గా ఏర్పడి దీన్ని సవాలు చేశారు. హైకోర్టులో వాళ్ల మాట నెగ్గలేదు. చెరువులు ఎప్పుడో వాడకం లేకుండా పోయాయని, ఆయకట్టంతా ఊరైపోయిందని ప్రభుత్వం వాదించింది. ఇది చాలాచోట్ల వినిపించే వాదనే. ముందు వంకను పూడనిస్తారు. తర్వాత నీళ్లు రావడం లేదంటారు. నీళ్లు రాని చెరువు ఎందుకంటారు. చివరికి లేఅవుటు గీస్తారు.

ఫోరం సుప్రీంకోర్టుకు వెళ్లింది. న్యాయమూర్తులు రూమాపాల్, ఏఆర్ లక్ష్మణన్‌ల ధర్మాసనం 2006 ఫిబ్రవరి 23న తీర్పు చెప్పింది. చెరువు ఊరుమ్మడి సొత్తు అని, ప్రభుత్వం దానికి యజమాని కాదు, ధర్మకర్త మాత్రమేనని అందులోని సారాంశం. ధర్మకర్త తన చేతిలోని సొత్తును ఎవరి కోసం ఉంచారో వారికే నష్టం కలిగేలా ఖర్చు పెట్టకూడదు. పైగా ఆ సొత్తులో ఇవాళ్టి ఇళ్ల కోసం ఎదురుచూస్తున్నవారికే కాదు, ఇంకా పుట్టనివారికీ వాటా ఉంది.

అయితే అప్పటికే కట్టేసిన ఇళ్లున్నాయి. వాటిని కూల్చమనలేదు న్యాయస్థానం. కేంద్ర భూగర్భ జల మండలి నిపుణుల సాయంతో, ఉన్నంతలో చెరువులను బతికించే దారి చూసింది. రెండుచోట్లా కొత్త నిర్మాణాలు బంద్. బోర్లు వేయడం బంద్. కట్టిన ప్రతి ఇంటి కప్పు మీదా పడే వాన భూమిలోకి ఇంకాల్సిందే. అవిలాలలో ప్రభుత్వం కోసం అట్టిపెట్టిన 40 ఎకరాల్లో కాంక్రీటు పరచకూడదు. పేరూరులో ఇంకుడు చెరువు కోసం కేటాయించిన స్థలాన్ని కనీసం 50 ఎకరాలకు పెంచాలి. చెరువుకు నీరు తెచ్చే బోడెద్దుల వంకను శుభ్రం చేయాలి, దారిలో అడ్డంగా ఉన్న చిన్న చెక్‌డ్యామును తీసేయాలి. స్వర్ణముఖి నది నుంచి వచ్చే పాత కాలువకు మళ్లీ ప్రాణం పోయడానికి ఎంతవుతుందో లెక్క కట్టి కోర్టుకు చెప్పాలి.

ఓ వంక పేరు, ఓ చెక్‌డ్యాం సంగతి దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పులోకి ఎక్కడం అరుదు. పంచాయతీ తీర్మానంలో ఉండాల్సిన మాటలు ఢిల్లీ దాకా వెళ్లి రావాల్సి వచ్చింది. మొదటి జీవోకూ తీర్పుకూ మధ్య పదిహేనేళ్లు. నీళ్లు అన్నేళ్లు ఆగవు.

2021 నవంబరులో తిరుపతిని వానలు ముంచెత్తాయి. కాలనీలు నీటిలో నానాయి. అక్కడికి దగ్గర్లోని రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. మరుసటి ఏడాది అక్టోబరులో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి ఇళ్లు మునిగాయి. కరువు జిల్లాలో పడవలేమిటని జనం ముక్కున వేలేసుకున్నారు. వంక మాత్రం తనకు తెలిసిన దారినే వెళ్లింది.

గండిపేట లెక్క వేరు

హైదరాబాద్‌ది మరో తరహా. 1908లో మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (అదే, గండిపేట), హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లలో ఇవి పూర్తయ్యాయి. ఇక్కడ ప్రభుత్వం భూమి అమ్మడం కాదు, చుట్టూ ఉన్న భూమి వాడకం మీద కంచె వేయడం ముఖ్యాంశం. 1996 మార్చి 8న ఇచ్చిన 111వ నెంబరు జీవో ప్రకారం జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు పెట్టకూడదు. ఓ నూనెల పరిశ్రమకు రాష్ట్ర ప్రభుత్వం మరుసటి ఏడాదే మినహాయింపు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో ఆ మినహాయింపును కొట్టేసింది. తాగునీటికి ముప్పు తెచ్చే సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదంది.

ఆ గ్రామాల రైతుల గోడు కూడా వినాలి. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, నగరం దాహం కోసం తమ భూమి మాత్రం కట్టుబడి ఉండాలా అని వాళ్లు పాతికేళ్లు అడిగారు. అడగడంలో న్యాయం లేకపోలేదు. కోట్ల మంది లాభపడే నిబంధన భారం 84 ఊళ్ల మీదే పడింది, దానికి పరిహారమంటూ ఏమీ లేదు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నెంబరు జీవోతో ఆ ఆంక్షలను ఎత్తేసింది. నగర అవసరాల్లో ఈ జలాశయాల వాటా ఒకటింబావు శాతంలోపే కదా అన్నది కారణం. గండిపేటకు దగ్గర్లోనే ఉన్న కోకాపేటలో అంతకుముందు ఏడాది హెచ్‌ఎండీఏ వేలం వేసిన భూములు ఎకరం గరిష్ఠంగా 60 కోట్లు పలికాయి. 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఖజానాకు అంత ఆకలి, భూమికి అంత ధర ఉన్నప్పుడు నీటి తరఫున మాట్లాడేవారి గొంతు వినబడటం కష్టమే.

ఆంధ్రలోనూ 2020లో ‘మిషన్ బిల్డ్ ఏపీ’ పేరుతో గుంటూరు, విశాఖల్లో ప్రభుత్వ స్థలాలు వేలానికి పెట్టారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. డబ్బు అవసరమైనప్పుడు ముందు గుర్తొచ్చేది ఖాళీ జాగానే. చెరువు ఎండినప్పుడు ఖాళీ జాగాలాగే కనబడుతుంది... అదే దాని దురదృష్టం.

అమ్మేవాడికే పగ్గం

ఇదే తలనొప్పి అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి 1970లలోనే వచ్చింది. అక్కడ తాగునీటి కంపెనీలకు రిజర్వాయర్ల చుట్టూ వేల ఎకరాల అడవి ఉండేది. వాన నీరు ఆ అడవిలోంచి వడకట్టినట్టు దిగుతుంది కాబట్టి అది ఉంచుకున్నారు. 1974లో దేశవ్యాప్తంగా తాగునీటి నాణ్యత చట్టం వచ్చింది. ఫిల్టర్లు పెట్టక తప్పదని తేలింది. ‘ఫిల్టర్లు ఉన్నాక అడవెందుకు, అమ్మేస్తే ఫిల్టర్ల ఖర్చు వస్తుంది’ అన్నది కంపెనీల లెక్క. పైకి చూస్తే తప్పులేని లెక్కే!

రాష్ట్రం ముందు అమ్మకాలు ఆపింది. తర్వాత కంపెనీల భూమినంతా మూడు తరగతులుగా విడదీస్తూ చట్టం చేసింది. రిజర్వాయరు అంచు నుంచి 250 అడుగుల్లోపు నేల, దాంట్లోకి వచ్చే వాగుల ఒడ్లు, నిట్రవాలు నేల మొదటి తరగతి. దీన్ని ఇళ్లకు అమ్మే ప్రసక్తే లేదు. పరివాహకంలోని మిగతా నేల రెండో తరగతి. అమ్మాలంటే ఆరోగ్య శాఖ అనుమతి కావాలి, నీటికి హాని లేదని అమ్మేవారే రుజువు చేయాలి. నీటితో సంబంధం లేని నేల మూడో తరగతి. అదైనా సరే, అమ్మే ముందు స్థానిక పురపాలక సంస్థకు చెప్పాలి. కొనుక్కుంటామంటే మొదటి హక్కు వాళ్లది.

దాని ఫలితం 2000 దశకం ఆరంభంలో కనబడింది. ఓ పెద్ద నీటి కంపెనీని బ్రిటన్‌కు చెందిన కెల్డా సంస్థ కొన్నది. దాని చేతిలో ఉన్న దాదాపు 15 వేల ఎకరాలు బిల్డర్ల పాలవకుండా రాష్ట్ర ప్రభుత్వం, నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థ కలిసి 9 కోట్ల డాలర్లు పెట్టి కొనేశాయి. ఇప్పుడది రాష్ట్ర అడవి.

న్యూయార్క్ నగరమైతే ఎదురు నడిచింది. వందల కోట్ల డాలర్ల ఫిల్టర్ ప్లాంటు కట్టేకన్నా, నీళ్లు పుట్టే క్యాట్‌స్కిల్ కొండల్లో భూమి కొని కాపాడుకోవడమే చవకని 1997లో అక్కడి ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. అమ్మడానికి ఇష్టపడిన వాళ్ల దగ్గరే కొనాలని, స్థానికులకు నగరం సాయం చేయాలని అందులో రాసుకున్నారు. గండిపేట రైతులు అడిగింది దాదాపు ఇదే. ఇంగ్లండులో 1989లో నీటి సంస్థలను ప్రైవేటుకు ఇచ్చినప్పుడు కూడా, నేషనల్ పార్కుల్లాంటి చోట్ల ఉన్న వాటి భూముల అమ్మకం మీద చట్టంలో పట్టు ఉంచారు.

మన దగ్గర చట్టాలు లేవా అంటే, బోలెడున్నాయి. చెరువు పోరంబోకును ఎవరికీ అసైన్ చేయకూడదని బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు బ్రిటిషు కాలం నుంచీ చెబుతున్నాయి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద చెరువులను వారసత్వ జలవనరులుగా ప్రకటించి వేరే వాడకానికి మళ్లకుండా చూడొచ్చు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ ప్రకారం నిషిద్ధ జాబితాలో ఉన్న భూమికి రిజిస్ట్రేషన్ జరగదు. 2011 జనవరిలో పంజాబ్‌లోని ఓ ఊరి కుంట కేసులో సుప్రీంకోర్టు, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు రూపొందించమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఇవన్నీ గట్టివే. కాకపోతే ఎక్కువ భాగం బయటి దొంగ కోసం పెట్టిన తాళాలు. తాళంచెవి ఇంటి పెద్ద దగ్గరే ఉంటుంది. జాబితాలోంచి ఓ సర్వే నెంబరు తీసేయడానికి, భూమిని ఓ ప్రజా సంస్థ పేరుకు మార్చడానికి ఓ ఉత్తర్వు సరిపోతుంది. కనెక్టికట్ చట్టానికీ మన చట్టాలకూ తేడా అక్కడే ఉంది. అక్కడ అమ్మేవాడు ముందు ఊరికి చెప్పాలి. ఇక్కడ ఊరికి తెలిసేది జేసీబీ వచ్చాక.

సోమందేపల్లి, పెనుకొండ, గోరంట్ల, హిందూపురం మండలాల్లో ఇప్పుడు ప్లాట్లు కొంటున్నవారిలో ఎక్కువమంది జీతగాళ్లు, చిన్న వ్యాపారులు. పిల్లల పెళ్లికో, చదువుకో పనికొస్తుందని దాచుకున్న డబ్బు పెడుతున్నారు. లేఅవుటు కరపత్రంలో గుడి, పార్కు, రోడ్డు వెడల్పు అన్నీ రంగుల్లో ఉంటాయి. వంక మాత్రం ఉండదు. అది చూడాలంటే గ్రామ నక్షా తీయాలి. అందులో నీలి గీతగా ఉన్న వంక నేల మీద మట్టి రోడ్డుగా మారి ఉండొచ్చు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో ఆ సర్వే నెంబరు ఎదురుగా ‘చెరువు’ అనో, ‘వంక’ అనో, ‘కుంట’ అనో రాసి ఉంటే, తర్వాత అడంగల్లో ఎవరి పేరు ఎక్కినా ఆలోచించాల్సిందే. నిషిద్ధ భూముల జాబితాను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంటే 25 ఎకరాలు దాటిన చెరువుకైతే పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. పూర్తి నీటిమట్టమంటే ఎండాకాలంలో కనబడే నీటి అంచు కాదు. మరవ పారేటప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది. ఆ ఎత్తు ఎంతో ఇరిగేషన్ వాళ్ల ట్యాంక్ మెమోయిర్‌లో రాసి ఉంటుంది, లేదంటే ఊళ్లో డెబ్భై దాటిన రైతును అడిగినా చేయి చూపించి చెబుతాడు.